రెండు గంటలు ముందున్న గడియారం

షేర్‌గజీ ముక్కు రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ కెమెరా పనిమీదే.

మొదటిసారి, తన ఊరు కారకోల్‌లో చెక్క మసీదు వెనక వీధిలో ఒక ముసలాయన ఇంటి గేటుకు కెమెరా బిగించి నిచ్చెన దిగుతుంటే పక్కింటివాడు వచ్చాడు. ఒక్క మాట లేదు, పిడికిలి బిగించి ముఖం మీద గుద్దాడు. కెమెరా కన్ను గోడ దాటి వాళ్ళ పెరట్లో పడుతోందట. ఆ పెరట్లో వాళ్ళ కోడలు తలగుడ్డ తీసి జుట్టు ఆరబెట్టుకుంటుందట. షేర్‌గజీ నోట్లోకి కారిన రక్తం మంచులోకి ఉమ్మి, మళ్ళీ నిచ్చెనెక్కి, కెమెరా మెడను నాలుగు వేళ్ళంత కిందికి వంచాడు. అప్పుడు ఆ గుద్దినవాడే వచ్చి, జారిపోకుండా నిచ్చెన పట్టుకున్నాడు.

రెండోది బట్టల దుకాణం గొడవ. ఆడపిల్లలు బట్టలు వేసుకుని చూసుకునే తెరల గదిలో కెమెరా పెట్టమన్నాడు యజమాని. షేర్‌గజీ పెట్టనన్నాడు. ఇంకెవడో పెట్టాడు. మూడు నెలలకు ఒక పిల్ల దాన్ని కనిపెట్టింది. ఆ దుకాణంలో కెమెరాలు పెట్టిందెవరని అడుగుతూ ఆమె అన్నదమ్ములు ఇనుప గొట్టం పట్టుకుని షేర్‌గజీ ఇంటికే వచ్చారు. వాళ్ళకు నిజం తెలిసేసరికి ఒక పక్కటెముక కూడా పోయింది. తరవాత గొర్రెను తెచ్చి గుమ్మంలో కట్టి తప్పు ఒప్పుకున్నారు. ముక్కు మాత్రం ఎడమవైపుకు ఒరిగే ఉండిపోయింది.

ఈ పనికి ముందు పంతొమ్మిదేళ్ళు టెలిఫోన్ స్తంభాలెక్కేవాడు. బూట్లకు ఇనుప కొక్కేలు తగిలించుకుని, మైనస్ ఇరవైలో కూడా వేళ్ళతో తీగలు ముడేసేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ తీగలను దొంగలు కోసుకుపోయారు, వాటితోపాటు అతని ఉద్యోగమూ పోయింది. నలభై దాటాక ఇదే నిచ్చెన, ఇదే డ్రిల్లింగ్ మిషను పట్టుకుని కెమెరాల పనిలో దిగాడు. ఇప్పుడు నలభై ఏడు. ఊళ్ళో సగం దుకాణాల మీద, పెద్ద ఇళ్ళ గేట్ల మీద అతను బిగించిన కళ్ళే ఉన్నాయి.

ఎవరింటికి వెళ్ళినా, స్క్రూ తిప్పకముందే అవే మాటలు చెప్పేవాడు.

"నీ గోడ లోపలిదే చూడు, వీధి మీద నీకేం పని. మాటలు వినే కెమెరా నన్నడక్కు, నేను పెట్టను. కెమెరా ఉందని గేటు మీద పలక కొట్టు. పడిన బొమ్మ ఎవడికీ చూపించొద్దు, బావమరిదికి కూడా. పోలీసొస్తే కాగితం అడుగు. కాగితమిస్తేనే ఇవ్వు."

"నువ్వు కెమెరా బిగించడానికొచ్చావా బైకే, మా చేత నమాజు చేయించడానికొచ్చావా," అనేవాళ్ళు. పెద్దవాడైన మగవాణ్ణి అక్కడ బైకే అంటారు.

నవ్వేవాడు. కానీ మళ్ళీ చెప్పేవాడు. ఇన్ని చెప్పినవాడు ఒరోజాలీ ఇంట్లో, బొమ్మ ఎవడికీ చూపించొద్దన్న మాటనే నిలబెట్టుకోలేకపోయాడు.

ఒరోజాలీకి యాభై అయిదేళ్ళు. లారీలున్నాయి, సరస్సు ఒడ్డున ఒక విడిది ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా జీర్దె ఉంది. జీర్దె ఎర్ర గోధుమరంగు గుర్రం. తల తీసేసిన మేక కోసం రెండు జట్లు గుర్రాల మీద కుమ్ములాడుకునే కోక్‌బోరు ఆటలో అది ఎదుటి గుర్రాన్ని రొమ్ముతో తోసి పడగొట్టేది. దాని మీద ఏడేళ్ళుగా ఎక్కేది ఒరోజాలీ తమ్ముడు, అతని ఇంట్లోనే ఉండే షబ్దాన్. ఆ ఏడాది జనవరి చివర, పక్కూరు అక్సూ వాళ్ళతో ఆటకు మూడు రోజుల ముందు, భోజనాల దగ్గర అందరూ వింటుండగా ఒరోజాలీ అన్నాడు: "ఈసారి జీర్దె మీద వేరేవాడెక్కుతాడు. షబ్దాన్ బొజ్జ పెంచాడు, గుర్రం పాపం కదా." అందరూ నవ్వారు. షబ్దానూ నవ్వాడు.

మర్నాడు, శుక్రవారం పొద్దున్నే ఒరోజాలీ భార్య బుర్మా గుర్రపుసాలకు నీళ్ళు తీసుకెళ్ళి చూస్తే జీర్దె ముందుకాళ్ళ మీద లేచి నిలబడబోతూ, వెనక్కి కూలిపోతూ ఉంది. వెనక కాళ్ళ నరాలు రెండూ కోసేశారు. గడ్డి అంతా నెత్తురు. లేవబోయిన ప్రతిసారీ కోసిన చోట ఎముక తెల్లగా బయటపడుతోంది. ఒరోజాలీ చూశాడు. తలను ఒళ్ళోకి తీసుకుని, కళ్ళు చేత్తో మూసి, తనే గొంతు కోశాడు. ఆ తరవాత షేర్‌గజీకి ఫోన్ చేశాడు.

షేర్‌గజీ వెళ్ళేసరికి గుర్రం చర్మం గోడ మీద పరిచి ఉంది. పెరట్లో పద్నాలుగు మంది మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒరోజాలీ చొక్కా మోచేతులదాకా ఎర్రగా గడ్డకట్టి ఉంది.

గుర్రపుసాల కెమెరా రికార్డరు వంటింటి పక్క గదిలో ఉంటుంది. షేర్‌గజీ దాని ముందు కూర్చున్నాడు. వెనక పద్నాలుగు మందీ గదిలోకి తోసుకొచ్చారు. చీకటి బొమ్మను వెనక్కి జరుపుతూ పోయాడు. పొడుగాటి దూది కోటు, చెవులు మూసే బొచ్చు టోపీ పెట్టుకున్న ఒక మనిషి కెమెరాకు వీపు పెట్టి గుర్రపుసాలలోకి వెళ్ళాడు. రెండు నిమిషాలకు బయటికొచ్చాడు. గుప్పెడు గడ్డితో కత్తి తుడుచుకున్నాడు. ముఖం ఎక్కడా పడలేదు.

"టైమెంత?" అన్నాడు ఒరోజాలీ.

తెర మూల అంకెలున్నాయి. షేర్‌గజీ చదివాడు. "ఏడూ ఇరవై రెండు."

తన చేతి గడియారం వంక చూడలేదు. రికార్డరు ముందు కూర్చుంటే మొదట రెండు గడియారాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. అది అతనికి తెలిసిన పనే, వంద ఇళ్ళలో చేసిన పనే. ఆ రోజు వెనక నుంచి మెడ మీద పడుతున్న ఊపిరికి చెయ్యలేదు.

తెర ముందు నాలుగైదు ఫోన్లు లేచాయి.

"ఫోన్లు వద్దనండి బైకే," అన్నాడు షేర్‌గజీ. "బొమ్మ పోలీసులకే చేరాలి."

"పోలీసులకి మేమే పంపిస్తాంలే, నీకెందుకు శ్రమ," అన్నాడు ఒకడు, తీస్తూనే.

"ఏడూ ఇరవైకి వీధిలో ఎవడున్నాడు?" అన్నాడు ఒరోజాలీ.

వెనక నుంచి షబ్దాన్ గొంతు వినిపించింది. "ఇమాష్. సంచి భుజానేసుకుని మన గేటు ముందు నించే పోయాడు. నేను చూశా."

నిజమే, ఇమాష్ ఆ వేళకు ఆ వీధిలో వెళ్ళాడు. ఇంకో ఇద్దరు కూడా చూశారు. అతను గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. వీధి చివర అతని కొలిమి. కిందటివారం జీర్దె నాడా వదులుగా ఉందని ఒరోజాలీ నలుగురిలో తిట్టాడు. పొడుగు దూది కోటు అతనికీ ఉంది, ఆ ఊళ్ళో సగం మందికి ఉన్నట్టే. బుర్మా గేటు ఆరింటికి తీస్తుంది కాబట్టి ఏడూ ఇరవైకి ఎవడైనా లోపలికి రావచ్చు. అంతా ఒక నిమిషంలో అతికిపోయింది.

షేర్‌గజీ వాళ్ళ వెనకే వెళ్ళాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఉందన్న సంగతి కొలిమి దగ్గరికి వెళ్ళాకగానీ తెలియలేదు.

ఇమాష్ ఒక ఆడగుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని గిట్ట చెక్కుతున్నాడు. తలెత్తి, "సలాం బైకే, ఏంటి ఇంతమంది," అన్నాడు. ఒరోజాలీ కొరడా అతని నోటి మీద పడింది. గుర్రం బెదిరి తన్నింది. ఇమాష్ వెల్లకిలా పడ్డాడు. ఆ తరవాత బూట్లు. కడుపులో, వీపు మీద, దవడ మీద. దవడ విరిగిన చప్పుడు ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. ఇమాష్ ఏదో చెప్పబోయాడు, మాట బదులు పళ్ళు వచ్చాయి. అతని భార్య కనిషాయ్ ఇంట్లోంచి మరిగే నీళ్ళ గిన్నెతో వచ్చి అందినవాడి మీద పోసింది. వాడు కేకపెట్టి ఆమెను గోడకేసి తోశాడు. నుదురు చిట్లింది. నెత్తురు కంట్లోకి కారుతున్నా మళ్ళీ లేచి వచ్చింది. ఇద్దరు పట్టుకున్నారు.

"ఏ చేత్తో కోశావురా?" అన్నాడు షబ్దాన్.

ఇమాష్ కుడిచేతిని లాగి ఇనుప దాగలి మీద పెట్టాడు. షబ్దాన్ ఆ కొలిమి సుత్తినే అందుకున్నాడు. మూడు దెబ్బలు కొట్టాడు. రెండో దెబ్బకే ఆ చేతిలో చెయ్యి పోలిక లేకుండా పోయింది. మూడోది ఎందుకు కొట్టాడో అక్కడున్న ఎవరికీ అర్థం కాలేదు, కొందరు ముఖాలు తిప్పుకున్నారు.

"ఆగండి," అన్నాడు షేర్‌గజీ. ఎవరూ వినలేదు. పైకి అన్నాడో, లోపలే అనుకున్నాడో తరవాత ఎంత ఆలోచించినా అతనికే తేలలేదు.

సాయంత్రానికి ఆ రెండు నిమిషాల బొమ్మ ఊరంతా తిరిగింది. కింద ఎవడో ఇమాష్ పేరు, వీధి పేరు కూడా రాశాడు. బొమ్మ వెనక షేర్‌గజీ గొంతు స్పష్టంగా ఉంది: "ఏడూ ఇరవై రెండు." మర్నాడు పెద్దలు ఒరోజాలీ ఇంట్లో కూర్చున్నారు. మాంసం తిన్నారు, ఇమాష్ కుటుంబం కొలిమీ ఇల్లూ ఒరోజాలీకి రాసిచ్చి ఊరు విడవాలని తేల్చారు. ఇమాష్ ఆస్పత్రిలో ఉన్నాడు. మాట్లాడే దవడ లేదు, రాసే చెయ్యి లేదు. గుర్రాన్ని చంపిన కేసు అతని పేరు మీదే రాశారు. చెయ్యి విరగ్గొట్టింది ఎవరని అడిగితే వీధిలో ఎవరూ ఏమీ చూడలేదు.

ఆదివారం ఇంట్లో షేర్‌గజీ భార్య సత్కిన్ టీ పోస్తూ అంది. "ఇవాళ రొట్టెలకెళ్తే అందరూ నిన్నే మెచ్చుకున్నారు. నీ కెమెరా వల్లే గుర్రాన్ని కోసినవాడు దొరికాడంట."

"మెచ్చుకున్నారా?"

"మెచ్చుకున్నారు. నాకే ఎందుకో ఆ మెప్పు గొంతు దిగలేదు. ఇమాష్ మన గుర్రానికి నాడా కొట్టిన రోజు దాని చెవిలో ఏదో చెప్తూ కొట్టాడు. గుర్తుందా?"

"మనకి గుర్రమెక్కడిదే? అమ్మేసి తొమ్మిదేళ్ళయింది."

"అప్పటిదే చెప్తున్నా," అంది సత్కిన్.

సోమవారం ఒరోజాలీ మళ్ళీ పిలిచాడు. పదకొండింటికి పోలీసు కెప్టెన్ జూరా వస్తోంది, రికార్డు అప్పగించాలి, ముందే వచ్చి సిద్ధం చెయ్యమన్నాడు. షేర్‌గజీ ఆ గదిలో ఒంటరిగా కూర్చుని శుక్రవారం రోజంతా పడిన బొమ్మను ఒక హార్డ్‌డిస్కులోకి ఎక్కిస్తున్నాడు. అది ఎక్కుతుండగా ఊరికే బొమ్మను ముందుకు జరుపుతున్నాడు. ఏడూ ఇరవై రెండు, మనిషి వెళ్ళాడు. ఏడూ ఇరవై నాలుగు, వచ్చాడు. ఎనిమిది, చీకటి. తొమ్మిది, చీకటి. ఆ కెమెరా చీకట్లో బూడిదరంగులో చూపిస్తుంది, తెల్లవారగానే రంగులోకి మారుతుంది. తొమ్మిదీ నలభై ఎనిమిదికి గోడ ఎరుపు, మంచు తెలుపు ఒక్కసారిగా తెరమీదికి వచ్చాయి.

జనవరిలో కారకోల్‌లో ఎనిమిదికి ముందే వెలుగొస్తుంది. పది కావస్తుండగా తెల్లవారడం ఎక్కడా లేదు.

షేర్‌గజీ తన చెయ్యి చూసుకున్నాడు. గడియారంలో పదీ పది. తెర మూలన పన్నెండూ పది.

అంతా అప్పుడర్థమైంది. ఈ రికార్డర్లు కొండల అవతల నుంచి, చైనా నుంచి లారీల్లో వస్తాయి. వాటిలో పుట్టుకతోనే బీజింగ్ టైము ఉంటుంది, ఇక్కడికంటే రెండు గంటలు ముందు. బిగించిన రోజున దాన్ని ఇక్కడి టైముకు మార్చాలి, లోపల బొత్తాంలాంటి బ్యాటరీ ఒకటి ఆ మార్పును కరెంటు పోయినా పట్టి ఉంచుతుంది. శరదృతువులో ఒరోజాలీ ఇంట్లో ఇది బిగించినప్పుడు కొత్త బ్యాటరీ చేతిలో లేదు. చెడిపోయిన ఇంకో యంత్రంలోంచి పాతది పీకి పెట్టాడు, మళ్ళీ వచ్చి మారుస్తాననుకున్నాడు. బుధవారం వీధిలో కరెంటు పోయింది. తిరిగి వచ్చినప్పుడు యంత్రం తన పుట్టింటి టైముకు వెళ్ళిపోయింది.

ఆ మనిషి గుర్రపుసాలలోకి వెళ్ళింది ఏడూ ఇరవై రెండుకు కాదు, అయిదూ ఇరవై రెండుకు.

తప్పు తెలిసేది ఎవరికి? బొమ్మ మీద పడిపోయిన పాత అంకెలు ఎలాగూ మారవు. ఇప్పుడు నడుస్తున్న గడియారాన్ని మూడు బొత్తాలు నొక్కి వెనక్కి జరిపితే చాలు. కెప్టెన్ వచ్చి చూస్తే తేడా ఉండదు. తేడా లేదని కాగితం మీద రాసుకుంటుంది. షేర్‌గజీ గొంతు చదివిన టైమే నిజమవుతుంది. అతని వేలు మొదటి బొత్తాం మీదికి వెళ్ళింది. నొక్కాడు. తెర మీద గడియారం మార్చే పట్టిక తెరుచుకుంది.

"అవ్వలేదా బైకే?"

షబ్దాన్ టీ గిన్నెతో తలుపులో నిలబడి ఉన్నాడు. లోపలికొచ్చి, గిన్నె బల్లమీద పెట్టి, తెర వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

"గడియారం తప్పు చూపిస్తోందా?" అన్నాడు నెమ్మదిగా.

షేర్‌గజీ వేలు బొత్తాం మీదే ఉంది.

"సరిచేసెయ్. నీ పనే కదా అది." అతను వంగి షేర్‌గజీ మెడ వెనక చెయ్యేశాడు. స్నేహంగానే వేశాడు. వేళ్ళు మాత్రం కుక్కపిల్లను పట్టినట్టు బిగిశాయి. "మా అన్నకి గుర్రం పోయింది. ఇమాష్‌కి చెయ్యి పోయింది. ఇంకా ఎవరికేం పోవాలంటావ్ నువ్వు?"

షేర్‌గజీకి అప్పుడు ఇంకోటి తట్టింది. అయిదింటికి ఈ ఇంటి గేటు తాళం వేసి ఉంటుంది. గోడ మీద గాజుపెంకులు తనెదుటే అతికించారు. మెడ మీద చెయ్యి ఎవరిదో, మూడో దెబ్బ ఎందుకు కొట్టాడో, రెండూ కలిసి ఒకేసారి బుర్రకెక్కాయి.

బయట జీపు ఆగిన చప్పుడు వినిపించింది. షబ్దాన్ చెయ్యి తీశాడు. టీ గిన్నె షేర్‌గజీ వైపు జరిపి, "తాగు, చల్లారిపోతుంది," అన్నాడు.

షేర్‌గజీ తెర మీది పట్టికను మార్చకుండానే మూసేశాడు.

కెప్టెన్ జూరా పొట్టి మనిషి, మంచులో నడిచొచ్చి బూట్లు దులుపుకుని మరీ లోపలికొచ్చింది. వెంట ఒక సార్జెంటు. ఒరోజాలీ, షబ్దాన్, వీధిలోంచి సాక్షులుగా పిలిపించిన ఇద్దరు ముసలివాళ్ళు గదిలో నిలబడ్డారు. బుర్మా వంటింటి గుమ్మంలో నిలబడింది. కెప్టెన్ కాగితం బల్లమీద పరిచింది.

"రోజంతా ఎక్కించావా, ఆ రెండు నిమిషాలేనా?"

"రోజంతా, కెప్టెన్ గారూ."

"మంచిది. ముక్క తెస్తే నేను తీసుకోను. ఫోన్లలో తిరిగేది నాకొద్దు, దాన్ని తీసినవాళ్ళ పేర్లు మాత్రం కావాలి." ఆమె చుట్టూ చూసింది. "సరే, యంత్రం ఎవరిది, ఎక్కడ పెట్టారు, ఎటు చూస్తుంది, రాశాను. ఇప్పుడిక్కడ టైము రాసే గడి ఉంది. నా ఫోన్లో పదకొండూ అయిదు. యంత్రంలో ఎంత?"

షేర్‌గజీ లేచి నిలబడ్డాడు. "ఒంటిగంటా అయిదు."

కలం ఆగింది. "ఎంత?"

"ఒంటిగంటా అయిదు. రెండు గంటలు ముందుంది. బుధవారం కరెంటు పోయినప్పట్నించి ఇలాగే ఉంది. తెల్లారింది తొమ్మిదీ నలభై ఎనిమిదికని చూపిస్తోంది, మీరే చూడండి. బ్యాటరీ పాతది, నేనే పెట్టాను. ఆ రోజు నేను చదివింది తప్పు. వాడు లోపలికెళ్ళింది అయిదూ ఇరవై రెండుకి."

ఒరోజాలీకి మాట ఎక్కడానికి కొంచెం టైము పట్టింది. ఎక్కగానే బూటులోంచి కొరడా లాగాడు. మొదటి దెబ్బ షేర్‌గజీ భుజం మీద పడింది. రెండోది చెంప మీద. చెవి కింద నుంచి పెదవిదాకా చర్మం చీలింది. మూడోది వేళ్ళ మీద, ముఖానికి అడ్డం పెట్టుకున్న వేళ్ళ మీద.

"నా చేత ఒక మనిషిని చంపించబోయావు కదరా, కుక్కా," అంటున్నాడు ఒరోజాలీ, అరవకుండా, దెబ్బకొక మాట చొప్పున. "నీ నోటి మాట పట్టుకుని పోయాను. నీ నోటి మాట."

సార్జెంటు అతని నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. కెప్టెన్ కొరడా లాక్కుని బల్ల కింద పడేసింది. షేర్‌గజీ గోడకానుకుని నిలబడ్డాడు. నెత్తురు కారి చొక్కా లోపలికి దిగుతోంది.

అప్పుడు గుమ్మంలోంచి బుర్మా అంది. "అయిదింటికి గేటు తాళం వేసుంది."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"తాళంచెవి నా మెళ్ళో ఉంది. ఆరింటికి నేనే తీశాను, పాలమనిషి వచ్చినప్పుడు. అప్పటిదాకా బయటోడు ఎవడూ రాలేదు."

"ఇంట్లో ఎవరున్నారు?" అంది కెప్టెన్.

"మేమిద్దరం. పిల్లలు." బుర్మా ఆగింది. "షబ్దాన్."

ఒరోజాలీ తమ్ముడి వంక చూశాడు. షబ్దాన్ ముఖంలో కాదనే ప్రయత్నం కూడా లేదు.

"ఏడేళ్ళు ఎక్కాను దాన్ని," అన్నాడు. "నా కాళ్ళ మధ్య పెరిగింది అది. నా బొజ్జ గురించి అందర్నీ నవ్వించి ఇంకోణ్ణి ఎక్కిస్తావా?"

ఒరోజాలీ సార్జెంటును విదిలించుకున్నాడు. తమ్ముణ్ణి గొంతు పట్టుకుని తలుపు ద్వారబంధానికేసి తల కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి, ఇంకోసారి. షబ్దాన్ ఎదురు తిరగలేదు. చేతులు కిందికే వదిలేశాడు. సార్జెంటు ఒరోజాలీ వీపు మీద మోకాలు పెట్టి నేలకు అదిమేవరకు ఆ చప్పుడు ఆగలేదు. కెప్టెన్ చొక్కా మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. ముసలి సాక్షులిద్దరూ మూలకు జరిగి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. కాసేపయ్యాక వచ్చి కాగితం మీద సంతకాలు పెట్టారు. షేర్‌గజీ కూడా పెట్టాడు. అతని సంతకం మీద పడిన మరక కాగితంతో పాటే ఫైల్లోకి వెళ్ళింది.

అన్నదమ్ములిద్దర్నీ జీపెక్కించారు. ఒకడికి గుర్రం కేసు, ఇద్దరికీ ఇమాష్ కేసు.

చెంపకు తొమ్మిది కుట్లు వేయించుకుని షేర్‌గజీ సాయంత్రం అదే ఆస్పత్రిలో పై అంతస్తుకెళ్ళాడు. ఇమాష్ నిద్రపోతున్నాడు. దవడకు తీగలు కట్టారు. కుడిచేతి కట్టులో వేళ్ళు ఉండాల్సిన చోట పలచగా ఉంది. మూడు తీసేశారట. కనిషాయ్ వసారాలో బల్లమీద కూర్చుని ఉంది. నుదుటి మీద గాయం ఎండి నల్లబడింది.

షేర్‌గజీ ఆమెకు అంతా చెప్పాడు. బ్యాటరీ సంగతి కూడా దాచలేదు. "కేసు కొట్టేస్తారు చెల్లీ. కెప్టెన్ రాసుకుంది. ఇల్లు కూడా ఎవరూ అడగరు ఇక."

ఆమె విన్నది. అంతకుముందు ఎప్పుడు కనిపించినా బైకే అని పిలిచేది. ఇప్పుడు పేరుతో పిలిచింది.

"షేర్‌గజీ. నువ్వు ఆ రోజు చదివినప్పుడు ఎంతమంది విన్నారు?"

"పద్నాలుగు మంది."

"ఫోన్లలో?"

"ఊరంతా."

"నారిన్‌లో మా అమ్మకి వచ్చింది అది," అంది కనిషాయ్. "బిష్కెక్‌లో మా ఆయన పినతల్లికి వచ్చింది. మా పాపకి బళ్ళో పక్కన కూర్చునే పిల్ల చూపించింది. నీ గొంతుంది దాన్లో. ఇందాక ఒరోజాలీ చుట్టాలు ఒక ఆడగుర్రాన్ని, రెండు గొర్రెల్ని మా ఇంటికి తోలుకొచ్చారట, మర్చిపోదామని. వెనక్కి తోలించేశా. పోలీసులు కాగితం మీద రాసుకున్నారంటున్నావు నువ్వు. ఆ కాగితం ఎవరు చదువుతారు?"

"ఏం చెయ్యమంటావు చెప్పు."

"ఆదివారం పశువుల సంతలో మైకుంటుంది," అంది.

పశువుల సంత తెల్లవారకముందే మొదలవుతుంది. ఏడున్నరకు గుర్రాల వరస నిండింది, గొర్రెలను లారీల్లోంచి చెవులు పట్టి దించుతున్నారు, బేరగాళ్ళు కొనేవాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ కలిపి ఊపుతూ అరుస్తున్నారు. ఆవిరి, పేడ, వేయించిన పిండి వాసన. తప్పిపోయిన పశువుల సంగతి, లారీలు అడ్డం తియ్యమనే సంగతి చెప్పే మనిషి ఒక లారీ మీద మైకు పట్టుకుని నిలబడి ఉంటాడు. షేర్‌గజీ లారీ ఎక్కి మైకు అడిగాడు. అతని ముఖం చూసి ఆ మనిషి ఏమీ అడక్కుండా ఇచ్చాడు.

కుట్ల వల్ల నోరు సగమే తెరుచుకుంటోంది. "నేను షేర్‌గజీని," అన్నాడు. "కెమెరాలు పెట్టేవాణ్ణి. ఫోన్లలో ఏడూ ఇరవై రెండని చదివిన గొంతు నాది. అది తప్పు. గడియారం రెండు గంటలు ముందుంది, దాన్ని సరిగ్గా పెట్టంది నేను. గుర్రాన్ని కోసింది ఇమాష్ కాదు. ఇమాష్ కాదు. ఎవరు కోశారో పోలీసులకు తెలుసు. మీ ఫోన్లలో ఆ బొమ్మ ఉంటే తీసెయ్యండి."

కొంతమంది తలలు తిరిగాయి. "వాచీ కొనుక్కోరా," అని గుర్రాల వరసలోంచి ఒకడు అరిచాడు, నవ్వులు వినిపించాయి. "ఇప్పుడా గుర్తొచ్చింది," అని ఇంకొకడు. ఒరోజాలీ లారీలు నడిపేవాళ్ళు ముగ్గురు ఆ వైపే ఉన్నారు. గడ్డకట్టిన పేడ ముద్ద ఒకటి ఎగిరొచ్చి షేర్‌గజీ నోటి మీద తగిలింది. రెండు కుట్లు తెగాయి. నెత్తురు గడ్డం మీదికి కారింది. రెండోది భుజానికి తగిలింది. మైకు వాడు మైకు తీసుకోబోయాడు.

కనిషాయ్ లారీ కింద, చక్రం పక్కన నిలబడి ఉంది. కూతుర్ని చెయ్యి పట్టుకుని తెచ్చింది. పైకి చూసింది.

"ఇంకోసారి చెప్పు," అంది. "ఆ చివర గొర్రెలవాళ్ళకి వినబడలేదు."

షేర్‌గజీ మైకు వదల్లేదు. అరచేత్తో నోరు తుడుచుకుని, గొర్రెల వైపు తిరిగి, మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టాడు.